వచ్చిన పని: భయం

మా ఆఫీసు గేటు దగ్గర విజిటర్స్ పుస్తకం ఒకటి ఉంది. మందపాటి అట్ట, నిలువు గళ్ళు. కొని ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలీదు, ఇంకా సగం కూడా నిండలేదు. రాజమండ్రికి కాస్త దిగువన, ఏటిగట్టు పక్కన, వరద లెక్కలు వేసుకునే ఓ చిన్న పరిశోధన కేంద్రాన్ని చూడ్డానికి ఎవరొస్తారు? ఏడాదికోసారి గోదావరి వస్తుంది. అది సంతకం పెట్టదు.

పోయిన వారం నేను అందులో సంతకం పెట్టాల్సి వచ్చింది. ఐదున్నరేళ్ళుగా పనిచేస్తున్న చోటికి విజిటరుగా ఎందుకు వెళ్ళానో తర్వాత చెప్తాను. వాచ్‌మన్ సూరిబాబు పుస్తకం తెరిచి నా ముందుకి తోశాడు. నేను పెన్ను వెతుక్కునేలోపల ఫ్యాను గాలికి పేజీలు వెనక్కి తిరిగాయి. ఆగిన పాత పేజీలో, గుండ్రంగా, నాకు బాగా తెలిసిన చేతిరాత.

వచ్చిన సమయం: ఉదయం తొమ్మిదీ పది. ఎవరిని కలవాలి: మెషీను. వచ్చిన పని: భయం. వెళ్ళిన సమయం అనే గడి ఖాళీగా ఉంది.

ఆవిడ పోయి అప్పటికి ఏడు నెలలు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. మా కేంద్రం వేసిన వ్యాసాల్లో ఏ ఒక్కదాని మీదా ఆవిడ పేరు లేదు. ఇన్నాళ్ళ ఆనవాయితీని నేనెందుకు చెడగొట్టాలి? వ్యాసం చివర 'సాంకేతిక సహకారం అందించిన సిబ్బందికి కృతజ్ఞతలు' అని ఉండేది. ఆవిడ 'సిబ్బంది' అన్న మాట కింద పెన్సిల్‌తో సన్నగా గీత గీసి, నాకు చూపించి, "ఇది నేనేనండి" అనేవారు. అది కోపం కాదు. గ్రూపు ఫొటోలో వెనక వరసలో ఎక్కడున్నారో వేలు పెట్టి చూపించినట్టుండేది.

ఎగువన గోదావరి మట్టం ఇంత ఉంటే దిగువన ఏ లంకకి ఎన్ని గంటల్లో నీళ్ళొస్తాయో చెప్పే ప్రోగ్రాము రాసింది ఆవిడే. లంకంటే ఏటి మధ్య దీవి. మనుషులు, కొబ్బరిచెట్లు, గేదెలు అన్నీ ఉంటాయి, దారి మాత్రం ఒక్కటే ఉంటుంది, ఏటికి అడ్డంగా వేసిన కాజ్‌వే. ఇంత పని చేసిన ఆవిడ ఉద్యోగం టైపిస్టు. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి మా దగ్గర పోస్టు లేదు. ఎప్పుడో ఒక టైపిస్టు గారు రిటైరైతే మిగిలిన ఖాళీలో ఆవిణ్ణి కూర్చోబెట్టారు. నేను ల్యాబ్ అటెండెంటు ఖాళీలో ఉన్నాను. మా కేంద్రంలో ల్యాబు లేదు కాబట్టి ఆ పని భారం పెద్దగా ఉండదు. వార్షిక నివేదికలో సిబ్బంది పట్టిక వేస్తారు: శాస్త్రవేత్తలు, అధికారులు, గుమస్తాలు, చిట్టచివర 'ఇతరులు'. ఆ ఇతరులు మేమిద్దరం.

ఇరవై రెండేళ్ళలో ఆవిడకి ప్రమోషన్ ఒక్కసారే వచ్చింది. కుర్చీకి చేతులొచ్చాయి.

ఆవిడకి భయం. ఇలా చెప్తే బల్లికీ బొద్దింకకీ అనుకుంటారు. బల్లిని చీపురుపుల్లతో అదిలించి మళ్ళీ పనిలో పడేవారు. డైరెక్టరు గారంటే కూడా భయం లేదు. ఆవిడ భయమంతా చక్కగా వచ్చిన అంకెలంటేనే. జవాబు తేడాపాడాగా వస్తే నిమ్మళంగా కూర్చుని సరిచేసుకునేవారు. మొదటిసారే సరిగ్గా వచ్చిందా, కుర్చీ వెనక్కి జరిపి, "నాకు భయంగా ఉందండి" అనేవారు. వేరేవాళ్ళు 'కాఫీ తాగుదామా' అన్నంత మామూలుగా.

అందరినీ 'అండి' అనేవారు, మెషీనుతో సహా. పొద్దున్నే బటన్ నొక్కి, "లేవండి, తొమ్మిదైంది" అనడం నేను చెవులారా విన్నాను. ఎంటర్ నొక్కేముందు చూపుడువేలు పమిటచెంగుకి తుడుచుకునేవారు. ప్రోగ్రాము నకలున్న పెన్‌డ్రైవు కుంకుమ భరిణెలో ఉండేది. ఆఫీసు తగలబడినా భరిణె ఇంట్లో ఉంటుంది, ఇల్లు మునిగినా చేతిసంచిలో ఉంటుంది అని ఆవిడ లెక్క. ఎప్పుడు పైకి తీసినా పెన్‌డ్రైవు నుదుటికి బొట్టు పెట్టుకున్నట్టే ఉండేది.

మా కాంట్రాక్టు సంగతి చెప్పకపోతే మిగతాది బోధపడదు. పదకొండు నెలలు ఉద్యోగం. పన్నెండో నెలలో మొదటి రోజున మేము ఎవరమూ కాము. మర్నాటి నుంచి మళ్ళీ పదకొండు నెలలు. ఏకధాటిగా ఏడాది పనిచేయిస్తే పర్మినెంటు చెయ్యమని అడుగుతామేమోనని పైవాళ్ళ జాగ్రత్త. ఆ ఒక్క రోజుని గ్యాప్ డే అంటారు. ఆ పూట ఐడీ కార్డు గేటు దగ్గర ఇచ్చెయ్యాలి, మెషీను ముట్టుకోకూడదు. ఏటా అది ఒక నెల ముందుకి జరుగుతూ దాదాపు పుష్కరానికోసారి సరిగ్గా వరదల్లోకి వస్తుంది. పుష్కరమంటే ఊరందరికీ స్నానాలు. మాకు మాత్రం గుండెదడ.

గ్యాప్ డే నాడు మా పాస్‌వర్డులు వాటంతటవే పనిచెయ్యకుండా పోయే ఏర్పాటు కూడా ఉంది. ఆ ప్రోగ్రాము రాసిందీ ఆవిడే. ఆవిడ రాసిన వాటిలో ఇంతవరకూ ఒక్క తప్పు కూడా దొరకనిది అదొక్కటే.

మాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని నాకు చెప్పింది కూడా ఆవిడే. వరి పరిశోధనలో ఒకరు, చేపల రోగాలు చూసేచోట ఒకరు, ఉప్పాడ దగ్గర సముద్రం ఏడాదికెంత ఒడ్డు కోసుకుపోతోందో లెక్కకట్టే చోట ఒకరు. మొత్తం ఏడుగురు. ఉప్పాడ ఆయన డ్రైవరు పోస్టులో ఉన్నారు. ఆయనకి సైకిలు కూడా బాగా రాదు. ఒకసారి పెద్దాఫీసరు వచ్చి "డ్రైవరేడీ, కారు తియ్యమనండి" అంటే ఆయన తుపాను షెల్టరులోకి వెళ్ళి కూర్చున్నారట. ఈ ఏడుగురికీ ఫోన్లో ఒక గ్రూపుంది. పేరు 'ఇతరులు'. ఎవరి ప్రోగ్రామైనా మొరాయిస్తే అందులో పెట్టిన పది నిమిషాల్లో మందు దొరుకుతుంది. మా సొంత ఆఫీసులో గోడకి మేకు కొట్టించాలంటే మూడు వారాలు పడుతుంది.

ఏడాదికోసారి కలుసుకునేవాళ్ళం. మాలాంటివాళ్ళ సదస్సుకి ఏ ఆఫీసూ సెలవివ్వదు గనక, దైవదర్శనమని రాసి పిఠాపురంలో కలిసేవాళ్ళం. ముందు కుక్కుటేశ్వరుడి దర్శనం, తర్వాత ఒక టిఫిన్ హోటలు మేడమీద సదస్సు. తిరిగొచ్చాక సాక్ష్యానికి తలో ప్రసాదం పొట్లం. మొదటి ఏడు నన్ను కూడా తీసుకెళ్ళారు. నేను కుర్రతనం కొద్దీ, "ఈ లైన్లో పైకెళ్ళే దారేంటండి?" అని అడిగాను.

డ్రైవరు పోస్టాయన మెట్లవైపు చూపించారు. "పైనే ఉన్నామండి. ఇంతకంటే పైన ట్యాంకు ఒక్కటే ఉంది."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. తిరుగు బస్సులో, "హైదరాబాదు వెళ్ళిపోండి మీరు. ఇక్కడుంటే భయం అలవాటైపోతుంది. తర్వాత అది లేకపోతే తోచదు" అన్నారు. వెళ్దామనే అనుకున్నాను. వెళ్ళలేకపోవడానికి కారణం ఒక ఆగస్టు నెల.

అది ఐదేళ్ళ కిందట. నేను చేరి ఆరు నెలలు. ఇంజినీరింగ్ కాలేజీ నుంచి తాజాగా వచ్చినవాడికి పాత ప్రోగ్రాము చూస్తే చేతులు దురదపెడతాయి. ఆవిడ ప్రోగ్రాములో ఒక లంక దగ్గర, గంటల లెక్కంతా అయ్యాక, చివర్లో ఒక లైనుంది: వచ్చిన జవాబులోంచి మూడు గంటలు తీసెయ్యమని. ఎందుకో లేదు. పక్కనే ఇంత మాత్రం రాసుంది: 'ఇది ముట్టుకునే ముందు నాకు ఫోన్ చెయ్యండి', కింద ఆవిడ ఫోన్ నంబరు. ప్రోగ్రాములో ఫోన్ నంబరేమిటి, అనాగరికంగా! ఆ లైను తీసేసి పాత సంవత్సరాల రికార్డులతో పోల్చి చూస్తే లెక్క అద్దంలా కుదిరింది. ఉంచేశాను, అంటే తీసేశాను. ఆవిడకి ఫోన్ చెయ్యలేదు. నా పక్క కుర్చీలో ఉన్న మనిషికి ఫోనేమిటని. నోటితో కూడా చెప్పలేదు. వచ్చే ఏడు పిఠాపురం సదస్సులో చెప్పి మెప్పు కొట్టేద్దామనుకున్నాను.

నాలుగో రోజున ఎగువ నుంచి వరద కబురొచ్చింది. అది ఆవిడ గ్యాప్ డే.

తొమ్మిదీ పదికి విజిటరుగా వచ్చారు. మెషీను గది గడప విజిటర్లు దాటకూడదు గనక, బయట బల్ల మీద కూర్చుని, తలుపు మూసుకోకుండా టిఫిన్ క్యారేజీ అడ్డం పెట్టారు.

"ఎగువ మట్టం కొట్టారాండి?"

"కొట్టానండి."

"మళ్ళీ చూడండి. నాకు భయంగా ఉందండి."

"చూశానండి."

"వేలు తుడుచుకోండి."

తుడుచుకున్నాను. నొక్కాను. "సాయంత్రం ఆరున్నరకి లంక కాజ్‌వే మునుగుతుందండి."

ఆవిడ బల్ల అంచుకి జరిగారు. తర్వాత, నెమ్మదిగా: "చివర మూడు తీసే లైనుందాండి?"

పదింటికి డైరెక్టరు గారొస్తారు. ఆయన సంతకంతో కబురు లంకలకి వెళ్తుంది. నా కాంట్రాక్టు ఇంకా ఐదు నెలలుంది, లైను తీసేసిన నేరానికి ఐదు నిమిషాలు కూడా ఉండకపోవచ్చు.

"ఉందండి," అన్నాను.

ఆవిడ ఫోను తీసి ఆ లంకలో రేవు దగ్గర కొట్టు పెట్టుకున్న మంగతాయారు గారికి చేశారు. స్పీకరు పెట్టారు.

"ఏమండీ, రేవులో మెట్లు ఎన్ని కనపడుతున్నాయండి?"

"ఆయ్, ఉండండి చూసి చెప్తాను." చెప్పుల చప్పుడు. కోడి అరిచింది. "పదకొండండి. పొద్దున్న లేచేసరికి పద్నాలుగు."

విజిటరు చీటీ వెనక ఆవిడ ఏదో లెక్క వేశారు. "మూడున్నర అని వెయ్యండి" అన్నారు నాతో.

"మెషీను ఆరున్నర అంది కదండీ?"

"దానికేంటండి, అది లంకలో లేదుగా."

అప్పుడర్థమైంది నేనెక్కడ చిక్కుకున్నానో. డైరెక్టరు గారు మెషీను అచ్చేసిన కాగితం లేనిదే సంతకం పెట్టరు. కాగితం మీద మూడున్నర రావాలంటే ఆ లైను తిరిగి పెట్టాలి. ఆ లైను ఉందని ఇందాకే చెప్పాను. గడియారంలో పదికి పది నిమిషాలు తక్కువ.

"అండీ... ఆ లైను లేదండి."

"తెలుసండి. 'ఉందండి' అనేముందు గుటక వేశారు. ఇక్కడిదాకా వినపడింది."

తిట్టలేదు. తిడితే బాగుండేది. "పెట్టండి, నిదానంగా. చేతులు వణుకుతున్నాయా?"

"ఆఁ అండి."

"మంచిదే. వణకనివ్వండి. ఆగిపోతే అప్పుడు చెప్పండి."

ఆ మూడు గంటల కథ అప్పుడు చెప్పారు. మ్యాపులో ఉన్న కాజ్‌వే ఎత్తు కట్టినప్పటిది. తర్వాత ఇసుక లారీలు తిరిగి తిరిగి అది కుంగిపోయింది. నా పాత రికార్డులన్నీ కుంగకముందువి గనక అద్దంలా కుదిరాయి. కుంగిన ఏడాది ప్రోగ్రాము సాయంత్రమంటే నీళ్ళు మధ్యాహ్నమే వచ్చాయి, మంగతాయారు గారి రెండు గేదెలు కొట్టుకుపోయాయి. మర్నాడావిడ ఫోన్ చేసి, "మీ మెషీను సాయంత్రం అందటండీ, ఆ సంగతి మా గేదెలకి తెలీదు" అన్నారట. మళ్ళీ కొలిపించమని ఈవిడ ఫైలు పెట్టారు. ఫైలు కదలలేదు. అది కదిలేదాకా ఈ మూడు.

ఆ వేళ మూడూ నలభైకి నీళ్ళు కాజ్‌వే ఎక్కాయి. ఒడ్డునున్న బడి నుంచి లంక పిల్లలు రోజూ నాలుగింటికి ఆ దారినే నడిచి ఇంటికెళ్తారు. ఆ పూట బడి రెండింటికే వదిలేశారు, మా కబురు చూసి.

పిల్లల సంగతి ఆవిడ నాకు చెప్పలేదు. నెల తర్వాత మంగతాయారు గారి మాటల్లో తెలిసింది. అప్పటి నుంచీ ఏ ఊళ్ళో ఉన్నా నాలుగయ్యేసరికి గడియారం చూస్తాను. హైదరాబాదు కబురు మళ్ళీ ఎత్తలేదు.

మూడేళ్ళ కిందట ఆవిడ కాంట్రాక్టు తిరగరాయలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. "గ్యాప్ డే కాస్త పొడుగైందండి" అనేవారు, ఫోన్ చేసినప్పుడల్లా. వరద రోజుల్లో నేనే చేసేవాణ్ణి. ఆవిడ తొలి మాట "మెట్లెన్నండి?" అనే. తరవాతే బాగున్నారా. పోయారని నాకు తెలిసింది 'ఇతరులు' గ్రూపులో, డ్రైవరు పోస్టాయన పెడితే. మా ఆఫీసు నోటీసు బోర్డులో సంతాపం వెయ్యలేదు. సిబ్బంది అయితే వేసేవారు.

ఆ లైను పక్కన ఆవిడ నంబరు అలాగే ఉంచేశాను. తీసి నాది పెట్టాలని తెలుసు. కానీ ఆ భవనంలో ఆవిడ ఆనవాలు అదొక్కటే, పది అంకెలు. రేపు తీద్దాం అనుకుంటూ వచ్చాను. ఆవిడ పోయాక చేరిన హారిక అనే అమ్మాయికి పనంతా నేర్పాను గానీ ఆ లైను కథ మాత్రం 'తర్వాత చెప్తాను' అన్నాను. అది చెప్పాలంటే నా గుటక గురించి కూడా చెప్పాలి.

పోయిన వారం నా గ్యాప్ డే. ఆగస్టు. ఎగువ నుంచి వరద కబురు.

పుస్తకంలో పేరు, సమయం రాసి, 'వచ్చిన పని' గడి దగ్గర చెయ్యి ఆడక అలాగే వదిలేసి లోపలికి వెళ్ళాను. అదే బల్ల. తలుపు మూసుకోకుండా నా హెల్మెట్ అడ్డం పెట్టాను. లోపల హారిక.

"వేలు తుడుచుకున్నారాండి?"

"అదేం సెంటిమెంటండి సార్!" అని నవ్వింది. నొక్కింది. "ఆరుంపావండి. సాయంత్రం."

"చివర మూడు తీసే లైనుందాండి?"

ఫ్యాను తిరుగుతోంది. బయట ఏటి హోరు. ఆ రెండింటి మధ్యలోంచి ఒక గుటక చప్పుడు స్పష్టంగా వినపడింది.

"ఉందండి సార్."

నేను అప్పటికే మంగతాయారు గారి నంబరు నొక్కుతున్నాను. ఒక రింగు. రెండు. ఐదు. ఏడో రింగుకి ఎత్తారు.

"ఆయ్, మీరాండీ. కొట్టు సర్దుతున్నాను."

"మెట్లెన్నండి?"

"తొమ్మిది. కాదు, ఉండండి, ఎనిమిదేనండి. మెషీనేమంది?"

"ఆరుంపావు అందండి."

"మీరేమంటారు?"

"మూడుంపావు. కబురొస్తుంది, దాని కోసం చూడకండి. పిల్లల్ని బడి దగ్గరే ఉంచమనండి."

"అయితే పెద్దావిడ లెక్కేనన్నమాట," అని పెట్టేశారు.

తలెత్తితే గడప దగ్గర హారిక. "సార్, ఆ లైను..."

"తెలుసండి."

"చెప్పకుండా తియ్యలేదండి! ముట్టుకునే ముందు ఫోన్ చెయ్యమని ఉంది కదా, చేశానండి. ఎవరో ఎత్తి రాంగ్ నంబరన్నారు. మళ్ళీ చేస్తే తిట్టారు. పాత చెత్తేమో అనుకుని తీసేశాను."

ఐదేళ్ళ కిందట ఆవిడ పక్కనే కూర్చుని కూడా నేను చెయ్యని పని, ఈ అమ్మాయి చేసింది. చెప్పినట్టే ఫోన్ చేసింది. ఆ నంబరు ఇప్పుడు ఇంకెవరిదో అయితే ఆ పిల్ల తప్పేంటి? ఆవిడ గుర్తుగా ఉంటుందని దాచుకున్న పది అంకెలూ, నాలుగింటికి ఒక బడి పిల్లల్ని ఆ కాజ్‌వే మీదికి పంపబోయాయి. ఆవిడకి తెలిస్తే తిట్టరు. "నాకు భయంగా ఉందండి" అంటారు, అంతే.

"లైను తిరిగి పెట్టండి. కింద నంబరు తీసేసి నాది వెయ్యండి. చెప్తాను, రాసుకోండి."

చెప్పాను. నా నంబరే, అయినా రెండుసార్లు తప్పాను.

"ఇప్పుడు ఆ నంబరుకి చెయ్యండి."

"మీరిక్కడే ఉన్నారు కదండీ?"

"చెయ్యండి."

నా చేతిలో ఫోను మోగింది. ఎవరు చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో తెలిసి కూడా గుండె గబగబా కొట్టుకుంది. ఆవిడ ఇరవై రెండేళ్ళు ఈ మోతతో కాపరం చేశారు.

మూడుంపావు అని అచ్చు కాగితం వచ్చింది, డైరెక్టరు గారి సంతకమైంది, కబురు వెళ్ళింది. నీళ్ళు మూడూ ఐదుకే కాజ్‌వే ఎక్కాయి. పది నిమిషాలు ముందే. కాజ్‌వే ఇంకా కుంగుతున్నట్టుంది. మూడు కూడా చాలని రోజు వస్తుందన్నమాట.

నాలుగు దాటాక గేటు దగ్గరికి వచ్చాను. సూరిబాబు పుస్తకం తిప్పి చూపించాడు. "వచ్చిన పని రాయలేదండి మీరు. ఖాళీ ఉంటే నన్నడుగుతారు."

"ఏం రాయమంటావయ్యా?"

"ఆ పెద్దావిడ రాసిందే రాసెయ్యండి. అప్పుడెవరూ అడగలేదు, ఆయ్."

రాశాను. పక్క గడి 'వెళ్ళిన సమయం'. పెన్ను దాని మీద పెట్టి గోదావరి వైపు చూశాను. నీళ్ళు ఇంకా పెరుగుతున్నాయి. పెన్ను సూరిబాబుకి ఇచ్చేసి, మళ్ళీ లోపలికెళ్ళి బల్ల మీద కూర్చున్నాను.